అక్క పై పన్ను

మా అక్కకు పొగాకు అలవాటు చేసింది నేను. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. అక్క వీధిలో వాళ్ళు నన్ను తిట్టుకుంటారు గానీ, అది నేను చేయని తప్పుకు. చేసిన తప్పు మొన్నమొన్నటి దాకా ఎవరికీ తెలియదు.

నేను ఆదోనిలో బడిపంతులమ్మను. మూడో తరగతికీ, నాలుగో తరగతికీ పాఠాలు చెప్తాను. అందులో పళ్ళ మీద కూడా ఒక పాఠం ఉంది. నల్లబల్ల మీద పన్ను బొమ్మ గీసి, ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలని పిల్లల చేత రాయించేదాన్ని. తప్పుగా రాస్తే మళ్ళీ రాయించేదాన్ని. నా మటుకు నేను నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఆ గడప తొక్కలేదు. నాకన్నా దొంగ పంతులమ్మ ఈ జిల్లాలో ఉంటుందని అనుకోను.

నా భయం తొమ్మిదేళ్ళప్పటిది. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మాది మగ్గాల ఇల్లు. అమ్మ పొద్దున మగ్గం గుంతలో దిగితే పొద్దుగూకేదాకా లేచేది కాదు. నన్ను సాకింది పదకొండేళ్ళు పెద్దదైన అక్కే. నాకు పన్ను పుచ్చి దవడ వాస్తే, సంత రోజున రోడ్డు పక్కన గొడుగు వేసుకుని పళ్ళు పీకే మనిషి దగ్గరికి తీసుకుపోయారు. మత్తు లేదు, మాట లేదు. నాన్న కాళ్ళు పట్టుకున్నాడు, అక్క నా తల ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టుకుంది. ఆ మనిషి ఒక్కసారిలో పీకలేకపోయాడు. మూడుసార్లు పట్టకారు జారింది. నేను అక్క బొటనవేలు కొరికేశాను, అయినా ఆమె వదల్లేదు. చుట్టూ జనం నిలబడి చూశారు, కొందరు నవ్వారు.

దానికి తోడు మా వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు. పై పన్ను పీకించుకున్నాక ఆయనకు చూపు పోయిందని అందరూ చెప్పుకునేవారు. పై పళ్ళకూ కళ్ళకూ ఒకటే నరమట, పన్ను లాగితే ఆ నరం తెగుతుందట. ఆయనకు చక్కెర జబ్బు ముదిరి చూపు పోయిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో ఎవరు చూడొచ్చారు? మగ్గాల వీధిలో చూపు పోవడమంటే అన్నం పోవడమే. అందుకే మా దగ్గర ఆ మాట అంత గట్టిగా పాతుకుపోయింది. పన్ను కుళ్ళి చీము పట్టినా భరించేవారు గానీ పై పన్ను జోలికి ఎవరూ పోయేవారు కాదు.

మా అక్కది మరీ కళ్ళతో చేసే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోగానే, దాని పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేళ్ళకు విబూది రాసుకుని, రెండు కొసలు కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్టంతా చెడుతుంది. అక్క చేతి నేర్పు చూసి వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఆమె కోసం కాచుకుని ఉండేవారు. పెనిమిటి పోయినాక కూతురిని ఆ పని మీదే పెంచింది.

ఏడేళ్ళ కిందట ఒక పొద్దున అక్క ఆదోనిలో మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచి, చెంపకు కొంగు అదిమిపెట్టుకుని ఉంది.

"రెండు దినాలనుంచి అన్నం మింగలేకుండా ఉండాను మ్మే. ఈ పన్ను పీకించేసుకుంటా. నువ్వు తోడు రా. ఒక్కదాన్నే పోతే ఆడ ఏం మాట్లాడల్లో నాకు తెలీదు" అంది.

ఆమె భయపడలేదు. భయపడింది నేను. ఆ గదిలో నేనూ కూర్చోవాలి, ఆ మందు వాసన పీల్చాలి, ఇనప సామాన్ల చప్పుడు వినాలి. రానని నేరుగా చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరినైనా తోడిచ్చి పంపి ఉన్నా సరిపోయేది. నా పిరికితనం బయటపడకూడదని ఆమె భయపడే మాట వెతికాను.

"పై పన్ను కదక్కా. కంటి నరం దానికే తగులుకోని ఉంటాది. కన్ను పోతే నీ గతేంది?" అన్నాను.

"నిజమా మ్మే?"

"నేనేమన్నా అబద్ధం సెప్తానా? కొంచెం పొగాకు పెట్టుకో దవడలో. అమ్మ పెట్టుకునేది కాదా. తిమ్మిరెక్కి నొప్పి పోతాది."

అక్క సంచి పక్కన పెట్టింది. "సదువుకున్నదానివి, నీకే తెలుస్తాది లే" అంది. నేను చేసిన జావ తాగి మధ్యాహ్నం బస్సుకే ఎమ్మిగనూరు వెళ్ళిపోయింది. అంతవరకు ఆమె వక్కపలుకు కూడా నమిలిన మనిషి కాదు.

పొగాకు పని చేసింది. అదే మా ఖర్మ. నొప్పి తగ్గింది, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ పెట్టుకుంది, తర్వాత నొప్పి లేకపోయినా పెట్టుకుంది. ఐదేళ్ళు ఆ దవడలో అదే మూల పొగాకు ముక్క ఉండేది. పండక్కో పబ్బానికో నేను వెళ్ళినప్పుడు చూసేదాన్ని. "మానెయ్ అక్కా" అని ఒకటి రెండుసార్లు అన్నాను. ఎందుకు మొదలయిందో ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

తర్వాత నాకు పన్ను నొప్పి లేచింది. కింద దవడ పన్ను. చెంప బూరెలా ఉబ్బి నోరు తెరుచుకోవడం లేదు. పాఠం చెప్పబోతే మాట ముద్దముద్దగా వస్తోంది, పిల్లలు నవ్వుకుంటున్నారు. బడి పెద్దసారు నన్ను ఇంటికి పంపించేశాడు. మందుల అంగట్లో మాత్రలు, లవంగ నూనె, ఉప్పునీళ్ళు, అన్నీ అయ్యాయి. పళ్ళ డాక్టరు క్లినిక్ బజారులో ఒక అంగడి పైన ఉంది. మూడు రోజులు ఆ మెట్ల దాకా పోయి తిరిగి వచ్చాను. నాలుగో రోజు తిరిగిపోయే ఓపిక కూడా లేక మూడో మెట్టు మీద కూర్చుండిపోయాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ భోజనానికి కిందికి దిగుతూ నన్ను చూసింది. ముప్పై ఏళ్ళ పిల్ల. ఆదోని పిల్లే, తెలుగులో ఉర్దూ కలిపి మాట్లాడుతుంది. ఎందుకు కూర్చున్నావని అడగలేదు. ఆమె కూడా వచ్చి అదే మెట్టు మీద, గోడ పక్కగా కూర్చుంది.

"మొన్న కూడా వచ్చినారు కదమ్మా. కిటికీలోంచి సూసినాను. ఫికర్ పడొద్దు. ఇయ్యాల ఏం సెయ్యను. వాపు తగ్గడానికి మాత్రలు రాసిస్తా, అంతే. రేపు వస్తే ఉత్తగా కుర్చీలో కూచోని పోండి."

"ఉత్తగానా?"

"ఉత్తగానే. చేతికి గ్లౌజులు కూడా తొడుక్కోను."

అన్న మాట తప్పలేదు. మరుసటి రోజు నేను కుర్చీలో కూర్చున్నాను, ఆమె స్టూలు మీద కూర్చుంది. మా ఇద్దరికీ టీ తెప్పించింది. చిన్నప్పుడు ఏం జరిగిందని అడిగింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మా ఆయనకు కూడా చెప్పని సంగతంతా, గొడుగు మనిషితో సహా ఆమెకు చెప్పేశాను. అంతా విని ఆమె ఒక్క మాట అంది.

"ఈడ ఎవరూ మిమ్మల్ని పట్టుకోరమ్మా."

నేను ఏడ్చాను. నలభై ఏడేళ్ళ పంతులమ్మ, బజారులో నలుగురూ నమస్కారం పెట్టే మనిషి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు, కంగారు పడలేదు, గడియారం వైపు చూడలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు అద్దం నా చేతికే ఇచ్చింది. ఏ సామాను దేనికో ముందు చూపించి, నా వేలికి తాకించి, తర్వాతే నోటి దగ్గరికి తెచ్చింది. చెయ్యెత్తితే ఆపేస్తానంది. నిజంగా ఆపేస్తుందా లేదా అని ఊరికే ఎత్తి చూశాను. ఆపేసింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ ఆపింది. ఎన్నిసార్లు ఎత్తానో నాకే సిగ్గేసింది. చివరికి పన్ను బయటికి వచ్చిన సంగతి ఆమె చెప్తేనే తెలిసింది.

ఆ రోజే లేచి పోతూ అడిగాను, పై పన్ను పీకితే కన్ను పోతుందంటారు, నిజమా అని. ఆమె నవ్వుతుందేమోనని బెరుగ్గానే అడిగాను. నవ్వలేదు. కాగితం మీద తల బొమ్మ గీసి, పన్ను నరం ఎక్కడి నుంచి వస్తుందో, చూపు నరం ఎక్కడి నుంచి వస్తుందో గీతలు గీసి చూపించింది. రెండూ వేరు.

"పళ్ళూడే వయసులోనే చూపూ మందగిస్తాది కదమ్మా. అందుకే జనం రెండూ ముడిపెట్టినారు" అంది.

బడిలో బొమ్మలు గీసేది నేను. అది నాకు ఆమె గీసి చూపాల్సి వచ్చింది.

ఆదివారం రాగానే ఎమ్మిగనూరు పరిగెత్తాను. అక్కకు నోరు తెరిచి ఖాళీ చూపించి, చిన్నపిల్లలా ఎగిరినంత పని చేశాను. కన్ను సంగతి ఉత్తదే అని కూడా చెప్పాను. చెప్పేటప్పుడు, ఆ మాట ఎవరో వేరేవాళ్ళు చెప్పినట్టు, "ఎవరెవరో ఏదేదో సెప్తారక్కా" అన్నాను. అక్క నా ముఖం ఒకసారి పరీక్షగా చూసింది. తనకు ఇప్పుడు నొప్పే లేదంది. అన్నం ముద్ద పెట్టుకుంటుంటే చూశాను, నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోవడం లేదు. నొప్పి లేదు కదా అని నేనూ సంతోషపడ్డాను. తెలివి తక్కువ సంతోషం.

మరుసటి వారం అక్కను తీసుకుపోయాను. డాక్టరమ్మ ఆమెను ముందు కుర్చీలో కాదు, బయట బెంచీ మీదే కూర్చోబెట్టి పని గురించి అడిగింది. పోగులు ఎట్లా అతుకుతారో రెండు దారాలు తెప్పించి మరీ నేర్చుకుంది. ఆమెకు రాలేదు. అక్క నవ్వింది. తర్వాత లోపలికి పోయి కుర్చీలో తనంతట తానే వెనక్కి వాలింది, భయం లేదు, బెదురు లేదు.

డాక్టరమ్మ దీపం వేసి చూసింది. వేలు చెంప లోపల మెల్లగా పోనిచ్చింది. ఆ తర్వాత మాట్లాడటం ఆపేసింది. అంతవరకు ప్రతిదీ చెప్పి చేసే మనిషి.

"ఎన్నేండ్లనుంచి పెడతాండారక్కా ఈ పొగాకు?"

"ఐదేండ్లాయమ్మా. పన్ను నొప్పికి మొదలుపెట్టినా."

"ఎవరు సెప్పినారు?"

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను.

"ఎవరు సెప్పేదేముంది? మా దిక్కు అందరూ పెట్టుకునేదే" అంది అక్క.

నేను నోరు తెరవలేదు.

పన్ను ఇవాళ ముట్టనని, చెంప లోపల పుండు ఉందని, దాన్ని కర్నూలులో పరీక్ష చేయించాలని డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుని ఆమెకే చెప్పింది. పక్కకు పిలిచి నాకు చెప్పలేదు. ఏమైనా కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు, తెలుసుకుంటే దారి ఉంటుంది అంది. కర్నూలు ఆసుపత్రికి తనే ఫోన్ చేసి, ఏ రోజు రావాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. బస్సులో అక్క నాతో అన్న మాట ఇది: "మంచి పిల్ల మ్మే. ముందే వచ్చింటే బాగుండు."

ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. దవడ కోసి తీసేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ఆ పదకొండు నెలల గురించి ఎక్కువ రాయలేను. రాగి జావ గొట్టంతో పోసేవాళ్ళం. డాక్టరమ్మ వారానికొకసారి ఫోన్ చేసి నోరు ఎట్లా కడగాలో, దవడ బిగుసుకుపోకుండా పళ్ళ మధ్య చెక్క పుల్లలు ఒకటొకటిగా ఎట్లా పెట్టి తెరిపించాలో చెప్పేది. రెండుసార్లు తనే బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చింది. అక్క ముఖానికి గుడ్డ చుట్టుకుని చేతనైనన్ని రోజులు పోగులు అతికింది. పోయిన ఏడు వానలు మొదలయ్యే ముందు పోయింది.

చాలాసార్లు చెప్పాలనుకున్నాను. ఆ పొగాకు నేను పెట్టించిందే, ఆ రోజు నీకు తోడు రావడానికి నాకు భయమేసింది అని. మంచం పట్టె మీద కూర్చునేదాన్ని, మాట గొంతు దాకా వచ్చేది. అక్క నా వైపు చూసి చేత్తోనే వద్దని సైగ చేసేది. నీళ్ళు వద్దనో, కూర్చోవద్దనో, ఆ మాట వద్దనో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. చెప్పలేదు. చెప్పకుండానే పంపించాను.

దినాల నాడు వీధిలోవాళ్ళు నాకు వినబడేట్టుగానే అనుకున్నారు.

"డాక్టరమ్మ సెయ్యి పెట్టేదాకా నిక్షేపంగా ఉన్నింది. నొప్పి కూడా లేకపోయె."

"పుండుకు కత్తి తగిలితే పాకుతాది. ముక్క కోసినారు, అంతే, పాకిపోయె."

"లేనిపోనిదానికి ఆదోనికి తీసకపోయినారు."

వాళ్ళు అబద్ధం చెప్పాలని చెప్పలేదు. వాళ్ళకు కనబడింది అదే: నొప్పి లేని మనిషి డాక్టరు దగ్గరికి పోయింది, ఏడాది తిరక్కుండా పోయింది. దానికి నా దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు చెప్పాలంటే అంతకు ముందు జరిగింది చెప్పాలి. అందుకే మాటలు పడ్డాను. పడటం సుఖంగా కూడా ఉండింది, ఎంతోకొంత శిక్ష అనుభవిస్తున్నట్టు. ఎంత నీచమైన సుఖమో చూడండి. దాని వల్ల ఏం జరుగుతోందో నేను పట్టించుకోలేదు. ఆ వీధిలో ఒక్క ఆడమనిషి కూడా ఇక పళ్ళ డాక్టరు దగ్గరికి పోదు.

ఈ మధ్య అక్క కూతురిని చూడడానికి వెళ్ళాను. ఇప్పుడు ఆ వీధిలో పోగులు అతికేది ఆమే. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల, నన్ను చిన్నమ్మ అని పిలిచినా అమ్మ దగ్గరకన్నా నా దగ్గర చనువు ఎక్కువ. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పక్కకు చెంప పట్టుకుంది. కుడి పక్క, పైన. ఆమె నోట్లోంచి వచ్చిన వాసన నాకు బాగా తెలిసిందే.

"నోరు తెరువు" అన్నాను.

"ఏం లేదు సిన్నమ్మా."

"పొగాకు పెట్టినావు కదా నువ్వు?"

"పన్ను నొప్పికి. కొంచెమే."

"రేపు పోదాం రా ఆదోనికి. ఆ డాక్టరమ్మ..."

"నేను రాను" అంది. గొంతు లేచింది. "అమ్మను తీసకపోతివి కదా, సాలదా? నొప్పి లేని మనిషిని తీసకపోయి కోయిస్తివి. నీ మీద నాకు కోపం లేదు సిన్నమ్మా, నువ్వు మంచికే సేసినావు. కానీ నేను రాను."

కోపం లేదంది. మంచికే చేశావంది. నన్ను వెనకేసుకొచ్చే మనిషి ఈ లోకంలో ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. నోరు మూసుకుని ఉంటే ఆమె నాకు ఉంటుంది, ఆ పొగాకు ముక్క ఆమె దవడలో ఉంటుంది. మగ్గం పక్కన పడుగు చుట్టల మధ్య కూర్చుని చెప్పాను. మీ అమ్మ ఏడేళ్ళ కిందటే పన్ను పీకించుకోవడానికి సంచి పట్టుకుని వచ్చిందని. వెనక్కి పంపింది నేనని. కన్ను పోతుందన్నది, పొగాకు పెట్టుకోమన్నది నేనేనని. ఆ డాక్టరమ్మ కత్తి వల్ల కాదు, నా భయం వల్ల పోయిందని. ఏడవకుండా చెప్పాను. ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుంది.

ఆమె చేతిలో పోగు అలాగే పట్టుకుని విన్నది.

"అమ్మకు తెల్సా, పొగాకుతోనే వచ్చిందని?"

"తెల్సు. నా పేరు ఎవరికీ సెప్పలేదు."

"బయటికి పో సిన్నమ్మా" అంది.

పది రోజులు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ పిల్ల వచ్చిందా అని డాక్టరమ్మను అడగబుద్ధి కాలేదు. అడిగినా ఆమె ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పే మనిషి కాదు. ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. తలుపు తీసే ఉంది. ఆమె పడుగు ముందు కూర్చుని పని చేసుకుంటోంది, వేళ్ళకు విబూది. నేను గడప దాటలేదు.

ఆమె తలెత్తి నన్ను చూసింది. లేచి గడప దాకా వచ్చి, వెలుతురు పడేట్టు తల పైకెత్తి, నోరు బాగా పెద్దగా తెరిచింది. కుడి పక్క పైన పన్ను లేదు. గుంట మానుతోంది. చెంప లోపల పొగాకు లేదు, అంతా శుభ్రంగా ఉంది. నేను చూడవలసింది చూసేదాకా అలాగే తెరిచి పెట్టింది.

"సూసినావు కదా. ఇంక రావద్దు" అంది.

లోపలికి పోయి మళ్ళీ పనిలో కూర్చుంది. నేను బస్టాండుకు నడిచాను.